మునిగిన ఇంటికి రేటు కట్టడం: నా అనుభవం

కర్నూలు పాత ఊళ్ళో మా ఇల్లు పోయిన వారం రిజిస్ట్రేషన్ అయిపోయింది. డబ్బు చేతికొచ్చిందన్న సంతోషం కంటే పీడ వదిలిందన్న సంతోషమే ఎక్కువగా ఉంది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

కాగితాల గురించి అందరూ భయపెట్టారు గానీ ఆ పనే సులువుగా అయింది. ఈసీ, అంటే ఆస్తి మీద లావాదేవీలు, తాకట్లు చూపే కాగితం, ఆన్‌లైన్‌లో వచ్చింది. ఇంటి పన్ను బకాయి కట్టేశాం. ఇల్లు నాన్న పేరు మీద ఉంది, ఆయన లేరు కాబట్టి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకున్నాం. అమ్మ, అక్క, నేను ముగ్గురం కలిసి అమ్మాం. అక్క ఒక్క మాట అనలేదు. ఆస్తి పంపకాల్లో తోబుట్టువుల మీద కేసులు వేసుకునేవాళ్ళు మా అక్కను చూసి నేర్చుకోవాలి.

అసలు బాధంతా ఇల్లు చూపించడంలోనే.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ ఊరి మీద పడ్డప్పుడు మా ఇల్లూ మునిగింది. నాన్న దస్తావేజుల సంచి చంకలో పెట్టుకుని మిద్దె ఎక్కాడు కాబట్టి ఒరిజినల్స్ దక్కాయి. గోడలకు మాత్రం ఆ చెమ్మ ఈనాటికీ వదల్లేదు. కింద రెండు మూడడుగుల దాకా ఉప్పు తేలి, పెయింటు పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది.

మాకు దొరికిన బ్రోకరు ఇల్లంతా తిరిగి, "ఏం లేదన్నా, లప్పం పట్టించి రంగు కొట్టించండి, లేదంటే కింద టైల్స్ అతికించండి, కనపడదు" అన్నాడు. చెమ్మ గోడ మీద లప్పం పెడితే వానాకాలం కూడా దాటదు. పాత ప్లాస్టరింగు ఇటుక కనపడేదాకా చెక్కించి, బాగా ఆరనిచ్చి, మళ్ళీ చేయిస్తేనే నిలబడుతుంది. నేను అదే చేయించాను. నేల మీద పరిచిన బేతంచెర్ల రాతి బండలు తీసేసి టైల్స్ వేయమని కూడా సలహా ఇచ్చాడు. మా ఆవిడ ఒప్పుకోలేదు. ఏప్రిల్‌లో ఆ బండల మీద చాప పరుచుకుని పడుకున్నవాళ్ళకే వాటి విలువ తెలుస్తుంది. పాలిష్ మాత్రం పట్టించాం.

ఇక రేటు. మా వైపు సెంటు లెక్కన మాట్లాడతారు. సెంటంటే 48.4 గజాలు. పక్కింటాయనను అడిగితే 2020 నాటి రేటు చెప్పాడు. అప్పుడు కర్నూలు న్యాయ రాజధాని అని అందరూ గాల్లో తేలుతున్నారు. ఆ మూడు రాజధానుల చట్టాన్ని 2021 నవంబరులోనే వెనక్కి తీసుకున్నా, ఆయన నోట్లో రేటు దిగలేదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు విలువ చూస్తే అది మరీ తక్కువ. మా వీధిలో ఈ మధ్య నిజంగా చేతులు మారిన ఇళ్ళ గురించి, కొన్నవాళ్ళనూ అమ్మినవాళ్ళనూ ఇద్దరినీ అడిగి, రెండు మాటలకూ మధ్యలో మా రేటు పెట్టాను. కొన్నాయన ఒక్కడినే అడిగితే తగ్గించి చెప్తాడు, అమ్మినాయన ఎప్పుడూ పెంచే చెప్తాడు.

అయినా ఒక ఆదివారం జరగకూడనిదే జరిగింది. బ్రోకరు ఒక కుటుంబాన్ని తీసుకొచ్చాడు. భార్యాభర్తలు, వాళ్ళ మామ, ఇంజనీరని చెప్పుకున్న ఒక బంధువు. ఆ ఇంజనీరు వచ్చీరాగానే బండి తాళంచెవితో గోడ గీకడం మొదలుపెట్టాడు. ఒక్క గోడ కాదు, ప్రతి గదిలోనూ. పూజగది గోడ కూడా వదల్లేదు. కొత్త రంగు మీద ఆ గీతలు అట్లే ఉండిపోయాయి. మామగారు మెల్లగా బయటికి పోయి ఎదురింటామెను, "నీళ్ళు ఎంత ఎత్తు వచ్చినాయమ్మా?" అని అడిగి వచ్చాడు. నన్నడిగితే నేనే చెప్పేవాణ్ణి కదా!

అమ్మ అందరికీ మజ్జిగ ఇచ్చింది. తాగారు. గ్లాసు కింద పెడుతూ ఆ మామగారు, "మునిగిన ఇంటికి ఈ రేటా? మేమెట్లాగూ పడగొట్టేదే. స్థలం రేటు కట్టి, అందులోంచి కూల్చే ఖర్చు తీసేసి ఇస్తాం" అన్నాడు. అమ్మ పక్కనే నిలబడి ఉంది. ముప్పై ఏళ్ళు ఆ ఇంట్లో కాపురం చేసిన మనిషి. బ్రోకరేమో, "పెద్దాయన చెప్పిందాంట్లో న్యాయముందన్నా" అని తలూపాడు. మా మనిషి అనుకున్నవాడు! అమ్మ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ రాత్రి, "అమ్మొద్దులే నాయనా" అంది.

మర్నాడే బ్రోకరును వద్దనేశాను. "ఇల్లు అమ్మబడును" అని బోర్డు నేనే రాయించి గేటుకు కట్టాను. ఫోన్ చేసిన ప్రతివాడికీ మొదటి మాటే, "2009లో నీళ్ళు హాలు కిటికీ దాకా వచ్చాయి. అది చూసుకునే రేటు పెట్టాం, ఇష్టమైతేనే రండి" అని చెప్పేవాణ్ణి. సగం మంది అక్కడే ఫోన్ పెట్టేశారు. పెట్టేయనీ! వచ్చినవాళ్ళు మాత్రం ఇల్లు చూడ్డానికే వచ్చారు. ఇంకొక మాట. బ్రోకర్లు రేటు పెంచి చెప్పి తర్వాత తగ్గించమంటారు. అట్లా చేస్తే మొదటి రోజే మంచి బేరం పోతుంది.

చివరికి కొన్నది రెండు వీధుల అవతల అద్దెకుండే ఒక టీచర్ దంపతులు. వరదలో వాళ్ళూ మిద్దె మీద గడిపినవాళ్ళే. ఆమె అడిగినవి రెండే: కొళాయి ఎప్పుడొస్తుంది, బండలు అట్లే ఉంచుతారా. బేరం సెంటుకు లక్ష తగ్గించి తెగింది. ఆయన కొంత నగదుగా ఇస్తానన్నాడు. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు గానీ అంతకు మించి గానీ నగదు తీసుకుంటే అంత మొత్తమూ జరిమానా కిందే పోవచ్చని చెప్పి, అంతా బ్యాంకు ద్వారానే తీసుకున్నాను. 50 లక్షలు దాటింది కాబట్టి ఆయన 1 శాతం టీడీఎస్ (ముందుగానే మినహాయించే ఆదాయపు పన్ను) పట్టుకుని, మా ముగ్గురి పాన్‌ల మీద విడివిడిగా కట్టాడు. దాని సర్టిఫికెట్లు అడిగి తీసుకోండి, ఎవరూ వాళ్ళంతట వాళ్ళు ఇవ్వరు. స్టాంపు డ్యూటీ, ఫీజులు అన్నీ కలిపి ఏడున్నర శాతం ఆయనే పెట్టుకున్నాడు.

నిన్న ఆ బ్రోకరు ఫోన్ చేశాడు. మొదట ఇల్లు చూపించింది తనే కాబట్టి కమీషన్ రావాలట. గోడ మీద గీతలకు మళ్ళీ రంగు కొట్టించిన బిల్లు వాట్సాప్‌లో పంపించాను. ఇంకా జవాబు రాలేదు.