మ్యాచ్ చూడని జెర్సీ

"షర్ట్ నచ్చితే వేసుకుంటాం నాన్నా, దానికి మ్యాచ్ కూడా చూడాలా?" అంది మా అమ్మాయి. ఒంటి మీద 2018 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ నాటి నైజీరియా జెర్సీ, కింద వదులు జీన్స్. ఆ జట్టులో ఒక్కరి పేరు చెప్పమంటే చెప్పలేకపోయింది. పోనీ అందుకు కాస్తయినా సిగ్గుపడిందా అంటే అదీ లేదు. నాకు అసలు మండింది అక్కడే.

నా లెక్కలో జెర్సీ అంటే ఒట్టు పెట్టుకున్నట్టు. జట్టు ఓడితే ఆ రాత్రి నిద్ర పట్టకూడదు. వీళ్ళేమో పాత జెర్సీని జీన్స్ మీద, అడిడాస్ సాంబా బూట్లతో వేసుకుని దానికి బ్లోక్‌కోర్ అని పేరు కూడా పెట్టుకున్నారు. క్లబ్బులూ తక్కువ తినలేదు. 2019లో ఇటలీ ఫుట్‌బాల్ క్లబ్ యువెంటస్ స్కేట్‌బోర్డు కుర్రాళ్ళ బ్రాండ్ ప్యాలెస్‌తో కలిసి జెర్సీ చేయించి, అది వేసుకుని లీగ్ మ్యాచే ఆడేసింది.

నైజీరియా జెర్సీ సంగతి మరీ విచిత్రం. ఛాతీ మీద పచ్చా తెలుపూ వంకర గీతలు, చేతుల మీద నలుపూ తెలుపూ గద్ద రెక్కల్లాంటి డిజైన్. వాళ్ళు మొదటిసారి ప్రపంచ కప్ ఆడిన 1994 నాటి చొక్కాను గుర్తుచేసేలా నైకీ తయారుచేసింది. అమ్మకానికి రాకముందే 30 లక్షల ఆర్డర్లు వచ్చాయని అక్కడి ఫుట్‌బాల్ సమాఖ్య చెప్పుకుంది. జట్టు గ్రూప్ దశలోనే ఇంటిదారి పట్టింది, చొక్కా మాత్రం ఇప్పటికీ ఊరేగుతోంది.

ఇదంతా చదివాక నాలో మాస్టారు నిద్రలేచాడు. పిల్లలు ఇష్టపడ్డ వస్తువు వెనక కథ చెబితే మూలాల మీద ఆసక్తి పుడుతుందని తోటి తల్లిదండ్రులకు సలహాలిచ్చే రకాన్ని నేను. ఆ 2018 జట్టులో ఆడిన అలెక్స్ ఇవోబీ కథ ఎత్తుకున్నాను. లాగోస్‌లో పుట్టాడు, లండన్‌లో పెరిగాడు, ఇంగ్లండ్ కుర్రాళ్ళ జట్లకు ఆడాడు, చివరికి నైజీరియానే ఎంచుకున్నాడు చూశావా అన్నాను. నా ఉద్దేశం ఎవరికి అర్థం కాదు?

"వాళ్ళ నాన్న బలవంతపెట్టాడా?" అని అడిగింది.

మాట మార్చేశాను. కాలేజీ రోజుల్లో నేనూ ఎక్కడుందో తెలియని అమెరికా యూనివర్సిటీ పేరున్న టీషర్టు చిరిగేదాకా వేసుకున్నవాణ్ణే. ఆ సంగతి ఇంట్లో ఎప్పుడూ ఎత్తను. పోనీ ఇండియా క్రికెట్ జెర్సీ కొంటానంటే, నీలం రంగు తనకి నప్పదంది. నైజీరియా చొక్కా వెనకైనా మన ఇంటిపేరు వేయిద్దామన్నాను. "వద్దు, పాడైపోతుంది" అంది. తను అన్నది చొక్కా గురించేనని తెలుసు, అయినా చివుక్కుమంది. తెల్లారి అదే చొక్కాని, డ్రయ్యర్‌లో వేస్తే బొమ్మ పగులుతుందని, తిరగేసి చేత్తో ఉతికింది కూడా నేనే.

తను క్రికెట్ చూడాలని నా కోరికా, లేక నా పక్కన కూర్చోవాలనా? రెండోదే అయితే ఇంత చరిత్ర పాఠం దేనికి?

ఇప్పుడు తన దృష్టి 1988 నాటి నెదర్లాండ్స్ నారింజ జెర్సీ మీద పడింది. ఆ ఏడాది యూరో కప్ ఫైనల్లో వాన్ బాస్టెన్ కొట్టిన గోల్ గురించి ఈసారి అడిగితేనే చెబుదామనుకున్నాను. అడగలేదు. అయినా చెప్పేశాను.