పార్ట్ సి ముంచింది, శనివారం సెమినార్ తేల్చింది

రిజల్ట్ వచ్చి నాలుగు రోజులైంది. సీఎస్ఐఆర్ నెట్ (సైన్స్ సబ్జెక్టుల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకీ, రీసెర్చ్ ఫెలోషిప్‌కీ పెట్టే జాతీయ పరీక్ష), మ్యాథమెటికల్ సైన్సెస్, రెండో అటెంప్ట్. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి క్వాలిఫై అయ్యాను, జేఆర్ఎఫ్ (పీహెచ్‌డీ చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) రాలేదు. అయినా కావలిలో మా అమ్మ ఆ రోజు చేపల పులుసు పెట్టింది.

మొదటి అటెంప్ట్ గురించే ఎక్కువ చెప్పాలి. పార్ట్ ఎ, పార్ట్ బి పర్వాలేదు. పార్ట్ సి లో నెగెటివ్ మార్కులు లేవు కదా అని ధీమాగా, 60లో రాయాల్సిన 20 ప్రశ్నలూ పెట్టేశాను. ఒక్కోటి 4.75 మార్కులు. ఒక్కో ప్రశ్నకి ఒకటికి మించి సరైన ఆప్షన్లు ఉండొచ్చు, అవన్నీ కచ్చితంగా పెడితేనే మార్కులు. కీ వచ్చాక చూసుకుంటే చాలా వాటిలో ఒక ఆప్షన్ ఎక్కువ పెట్టడమో, ఒకటి వదిలేయడమో. అన్నీ సున్నాలే. సిద్ధాంతాలన్నీ నోటికొచ్చు, మరి ఎక్కడ దెబ్బతిన్నాను?

జవాబు మా డిపార్ట్‌మెంట్‌లోనే దొరికింది. శనివారం మధ్యాహ్నం స్టూడెంట్ సెమినార్ ఉండేది. నేను రెండు గంటల ట్రైన్ సాకుతో ఎగ్గొట్టేవాడిని (నిజానికి తర్వాత కూడా ట్రైన్ ఉంది). డిసెంబర్ 22న రామానుజన్ పుట్టినరోజు, జాతీయ గణిత దినోత్సవం. ఆ సందర్భంగా శనివారం సెమినార్‌లో మాట్లాడమని మా సార్ నా పేరు రాసేశారు. యూనిఫాం కంటిన్యుయిటీ ఎంచుకున్నాను (ఎక్స్ విలువలు ఎంత దగ్గరుంటే ఫంక్షన్ విలువలు కావాల్సినంత దగ్గరుంటాయో, ఆ ఒకే కొలత అన్నిచోట్లా పనిచేయడం). 'ఒక ఇంటర్వెల్ మీద డెరివేటివ్ (ఫంక్షన్ మారే రేటు) బౌండెడ్ అయితే, అంటే హద్దు దాటకపోతే, ఫంక్షన్ యూనిఫాంలీ కంటిన్యువస్' అని బోర్డు మీద నిరూపించి, ఊపులో 'డెరివేటివ్ అన్‌బౌండెడ్ అయితే కాదు' అనేశాను. వెనక బెంచీలోంచి ఫస్టియర్ తమ్ముడొకడు, "అన్నా, మరి సున్నాకీ ఒకటికీ మధ్య రూట్ ఎక్స్ సంగతేంటి?" అన్నాడు.

చాక్‌పీసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. సున్నా దగ్గర దాని డెరివేటివ్ అనంతానికి పోతుంది. కానీ సున్నానీ ఒకటినీ కలుపుకుంటే అది క్లోజ్డ్, బౌండెడ్ ఇంటర్వెల్. దాని మీద కంటిన్యువస్ ఫంక్షన్ ఏదైనా యూనిఫాంలీ కంటిన్యువసే. పార్ట్ సి లో నేను చేసింది సరిగ్గా ఇదే. సిద్ధాంతాన్ని తిరగేసి, అదీ నిజమేనని టిక్కు పెట్టడం.

ఆ సాయంత్రమే ఒక నోట్‌బుక్ కొన్నాను. ప్రతి సిద్ధాంతం కిందా ఒక్కో షరతు తీసేసి, ఎక్కడ చెడిపోతుందో ఒక ఉదాహరణ రాయడం. లీనియర్ ఆల్జీబ్రా, కాంప్లెక్స్ అనాలిసిస్, గ్రూపులు, అన్నీ ఇలాగే. స్టాటిస్టిక్స్ ముట్టుకోలేదు, పీడీఈ (పార్షియల్ డిఫరెన్షియల్ ఈక్వేషన్లు) పైపైన చూశాను. అది తప్పంటారా? అనండి. పార్ట్ సి లో 60లో 20 చాలన్నప్పుడు అన్నీ చదవడం నాకు తెలివిగా అనిపించలేదు.

జేఆర్ఎఫ్ వస్తే నెలకు 37,000 వచ్చేది కదా అని మా మామయ్య లెక్క చెప్పాడు. ఆ లెక్క నాకూ తెలుసు మామయ్యా. ఇంట్లో ట్యూషన్లు చెబుతూ, రోజుకు నాలుగు గంటలే దొరికినవాడికి ఇది తక్కువేం కాదు. మీరు మాత్రం రీల్స్ చూస్తూ 'టైం లేదు' అనకండి, ఒళ్లు మండుతుంది.

రూట్ ఎక్స్ అడిగిన ఆ తమ్ముడు ఈసారి నెట్ రాస్తున్నాడు. నోట్‌బుక్ వాడి దగ్గరే ఉంది. కావాల్సినవాళ్లు వాడి వెనక లైన్లో ఉండండి.