తూము దగ్గర కూర్చుండిపోయిన రోజు

మా ఊరు చిన్నది, ఈ చివర నుంచి ఆ చివరకి పరిగెడితే 5 నిమిషాలు కూడా పట్టదు, అందుకే నాకు పరుగంటే ఎప్పుడూ ఊరి బయటే. నాలుగు రూట్లు ఉండేవి. చెరువు చుట్టూ తిరిగొస్తే 3 కిలోమీటర్లు, పొలాల మధ్య బండి దారిలో పోయి తారు రోడ్డు ఎక్కి వస్తే 6, గుట్ట ఎక్కి దిగే రూటు 9, కాలువ గట్టు మీద లాకుల దాకా వెళ్లి వెనక్కొస్తే 12. కష్టం చూస్తే గుట్ట రూటే కష్టం కానీ నాకు ప్రాణం మాత్రం కాలువ గట్టే. ఒక పక్క నీళ్లు, ఒక పక్క పొలాలు, మధ్యలో ట్రాక్టర్ టైర్లు చేసిన రెండు గాళ్లు, ఆ గాడిలో కాలు పడితే మట్టి మెత్తగా ఉండి మోకాళ్లకి హాయిగా ఉంటుంది. వాన పడిన మర్నాడు మాత్రం వెళ్లకూడదు, ఒక్కో బూటుకి ఇటుక బరువు బురద పట్టేస్తుంది.

ఇంకో మాట, కాలువ రూటు నాకెందుకు అంత ఇష్టమంటే ఊరి నుంచి చాలా దూరం తీసుకుపోతుంది. మూడో కిలోమీటరు దాటాక ఇల్లు లేదు, మనిషి లేడు, ఫోన్‌లో సిగ్నల్ కూడా ఉండదు. అదే దాని గొప్ప అనుకునేవాణ్ణి.

ఇక జ్వరం సంగతి. నేను సిద్ధమవుతున్న హాఫ్ మారథాన్‌కి, అంటే 21 కిలోమీటర్ల పరుగు పందేనికి, ఇంకా 6 వారాలుందనగా గొంతు నొప్పి, ఒళ్లు నొప్పులు, 102 జ్వరం. మూడు రోజులు మంచం మీదే. నాలుగో రోజు తగ్గింది, అంటే టాబ్లెట్ వేసుకుంటే తగ్గింది, ఆ తేడా నాకు అప్పుడు పట్టలేదు. ఐదో రోజు పొద్దున వాచీ చూస్తే లేవగానే పల్స్ 66 ఉంది. మామూలుగా నాది 52. పరిగెత్తేవాళ్లకి ఎవరికైనా తెలుసు అది మంచి లక్షణం కాదని, నాకూ తెలుసు, అయినా షూ లేసులు కట్టుకుంటూనే ఉన్నాను. మా అక్క గుమ్మంలో నిలబడి "ఒరేయ్, నిన్న రాత్రి దాకా మూలిగావు, నీకేమన్నా పిచ్చా" అంది. మెల్లగా వెళ్లొస్తాలే అక్కా అన్నాను. మెల్లగా వెళ్లాలనుకున్నవాడు చెరువు చుట్టూ తిరగొచ్చుగా, కాలువ గట్టెక్కాను. ప్లాన్‌లో ఆ రోజు 12 అని ఉంది మరి.

మొదటి రెండు కిలోమీటర్లు కాళ్లు బరువుగా ఉన్నాయి, జ్వరం తర్వాత ఇంతేలే అనుకున్నా. మూడు దాటాక వాచీలో పల్స్ 178. ఆ స్పీడుకి నాకు 145 దాటదు. వాచీ బెల్టు లూజుగా ఉందేమోనని బిగించాను, ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది, గుండె చెప్తున్నది వినకుండా బెల్టు బిగించినవాణ్ణి నేనే. నాలుగున్నర దగ్గర పొలాలకి నీళ్లు వదిలే పాత తూము ఒకటి ఉంది, దాని దగ్గరికి వచ్చేసరికి ఛాతీ మధ్యలో ఎవరో అరచేయి పెట్టి నొక్కుతున్నట్టు అనిపించింది. తర్వాత గుండె ఒకసారి తన్నింది, ఆగింది, రెండుసార్లు గబగబా కొట్టుకుంది. తూము గోడ మీద కూర్చున్నాను. వాచీ కీచుమని పరుగు ఆపినట్టు చూపించింది. మోకాలి మీద ఒక చీమ పాకుతోంది, దాన్ని దులపాలనిపించింది గానీ చెయ్యి ఎత్తలేదు, అది మోకాలి మీద నుంచి కిందకి దిగి వెళ్లేదాకా చూస్తూ కూర్చున్నాను. ఫోన్ తీస్తే సిగ్నల్ లేదు.

పశువులు మేపుకునే తాత ఒకాయన చూశాడు. "ఏం బాబూ, రోజూ గుర్రంలా పోతావు, ఇవాళ కూలబడ్డావేంటి" అన్నాడు. నా మొహం చూశాక మళ్లీ మాట్లాడలేదు, పొలంలో మందు కొడుతున్న కుర్రాణ్ణి కేకేసి పిలిచాడు. ఆ గట్టు మీదకి బైకు తప్ప ఇంకే బండీ సరిగ్గా రాదు, ట్రాక్టర్ వచ్చినా తిప్పుకోడానికి చోటుండదు, ఇన్నేళ్లు అక్కడే పరిగెత్తి ఆ విషయం ఒక్కసారి కూడా ఆలోచించలేదు నేను. ఆ కుర్రాడి బైకు మీద వెనక కూర్చుని, పడిపోకుండా అతని చొక్కా పట్టుకుని ఊళ్లోకి వచ్చాను.

దగ్గర్లో మొదట చూపించిన చోట గ్యాస్ అన్నారు. ఒక మాత్ర ఇచ్చి పంపేశారు. రాత్రి పడుకుంటే నొప్పి ఎక్కువైంది, లేచి ముందుకి వంగి కూర్చుంటే తగ్గింది, మళ్లీ పడుకుంటే మళ్లీ వచ్చింది. ఇదేం గ్యాస్ రా అని అక్కే కారు మాట్లాడి పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. ఈసీజీ తేడాగా ఉంది, రక్తంలో ట్రోపోనిన్ బాగా ఎక్కువుంది, గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చేది అదే. అందరూ హార్ట్ ఎటాక్ అనుకున్నారు, యాంజియోగ్రామ్ చేశారు, రక్తనాళాలు శుభ్రంగా ఉన్నాయి. ఎంఆర్ఐ తీశాక తెలిసింది, గుండె కండరానికి వాపు, మయోకార్డైటిస్. గొంతులో మొదలైన వైరస్ గుండె దాకా వెళ్లిందన్నారు. గుండె పైపొరకి కూడా వాపుందట, పడుకుంటే నొప్పి, వంగితే ఉపశమనం అందుకేనట. ఎకోలో, అంటే గుండె స్కానింగ్‌లో, పంపింగ్ (ఒక్కో కొట్టుకి గుండె బయటికి తోసే రక్తం) 48 శాతం వచ్చింది, మామూలుగా 55 పైన ఉండాలి.

డాక్టర్ మేడం చాలా తిన్నగా చెప్పారు. "వాపున్న గుండెతో పరిగెత్తితే గుండె లయ తప్పి అక్కడికక్కడే పోయే ప్రమాదం ఉంటుందండీ, మీరు కూర్చుండిపోయారు కాబట్టి బాగుంది." ఎన్నాళ్లు మేడం అంటే మూడు నుంచి ఆరు నెలలు పరుగు మాటెత్తొద్దన్నారు. మూడా, ఆరా అని బేరమాడాను. "మూడు దగ్గర టెస్టులు చేద్దాం, మీరు మాత్రం ఆరనే అనుకోండి" అన్నారు. ఆసుపత్రి మంచం మీద ఫోన్‌లో చదివాను, ఎప్పుడో 1970లో గుండెకి ఇలా వాపు తెచ్చే వైరస్ ఒకటి ఎక్కించిన ఎలుకల్ని ఈదించి చూశారట, ఊరికే ఉంచిన వాటికన్నా ఈదిన వాటి గుండెల్లో వైరస్ ఎన్నో రెట్లు పెరిగిందట. ఆ రాత్రి ఆ ఎలుకల మీద నాకు జాలి వేసింది, నన్నెవరూ నీళ్లలోకి తొయ్యలేదు కదా, నేనే దూకాను.

ఇంటికొచ్చాక మొదటి నెల గురించి రాయడానికేం లేదు, మంచం, మందులు, కిటికీ. రెండో నెల నుంచి నడవొచ్చన్నారు. గుండె వేగం తగ్గించే మందు వాడుతున్నాను కాబట్టి పల్స్ ఎంత కష్టపడినా పైకి రాదు, వాచీని నమ్మడానికి లేదు. మేడం చెప్పింది ఒకటే, నడుస్తూ ఒక వాక్యం పూర్తిగా మాట్లాడగలగాలి, మధ్యలో ఊపిరి కోసం ఆగితే స్పీడు ఎక్కువైనట్టు. ఒక్కణ్ణే ఏం మాట్లాడను? పదమూడో ఎక్కం చదువుకుంటూ నడిచేవాణ్ణి. పదమూడు ఏడ్లు తొంభై ఒకటి దగ్గర ఎప్పుడూ తడబడేవాణ్ణి, అది మాత్రం గుండె తప్పు కాదు.

దూరం కరెంటు స్తంభాల్లో లెక్క. స్తంభానికీ స్తంభానికీ మధ్య మా దారిలో దాదాపు 50 మీటర్లు. మొదటి వారం ఆరు స్తంభాలు వెళ్లి వెనక్కి. 12 కిలోమీటర్లు పరిగెత్తినవాడు ఆరు స్తంభాలకి ఆయాసపడటం ఎంత చిన్నతనంగా ఉంటుందో చెప్పలేను, ఎదురుగా ఎవరైనా వస్తే ఫోన్ మాట్లాడుతున్నట్టు ఆగేవాణ్ణి. కానీ తొమ్మిదో స్తంభం మీద పక్షి గూడు ఉందని, దానికి ఎవరో తీగ ముక్క కూడా కలిపి అల్లినట్టు ఉందని పరిగెత్తే రోజుల్లో చూడనేలేదు.

మూడు నెలల దగ్గర ఎకో, ఎంఆర్ఐ, ట్రెడ్‌మిల్ టెస్ట్, ఒక రోజంతా ఒంటికి కట్టుకుని తిరిగితే గుండె లయని రికార్డు చేసే హోల్టర్ అన్నీ చేశారు. పంపింగ్ 57కి వచ్చింది, రక్తపరీక్ష మామూలుగా ఉంది, కానీ హోల్టర్‌లో అదనపు బీట్లు కనపడుతున్నాయి, ఇంకొన్నాళ్లు ఆగండి అన్నారు. ఆ రోజు ఇంటికొచ్చి అక్క మీద అరిచాను, పాపం దాని తప్పేముంది. ఐదున్నర నెలలకి మళ్లీ చేస్తే అంతా బాగుంది, మందులు అంతకు ముందే ఒక్కోటీ తగ్గిస్తూ వచ్చారు.

పరుగు మొదలెట్టింది చెరువు గట్టు మీద. ఒక నిమిషం పరుగు, నాలుగు నిమిషాలు నడక, అలా ఐదుసార్లు. ఆ గట్టు ఎందుకంటే, దాని మీద ఎక్కడ ఆగినా మా ఇల్లు కిలోమీటరున్నర లోపే, సిగ్నల్ ఉంటుంది, బట్టలు ఉతికేవాళ్లో ఎవరో ఒకరు ఉంటారు. ఒకప్పుడు ఆ రూటు నాకు లోకువ, ఒకే చోట గుండ్రంగా తిరగడం ఏంట్రా అనేవాణ్ణి. ఇప్పుడు ఏ రూటు చూసినా ముందు ఆలోచించేది ఎంత దూరం అని కాదు, సగంలో ఆగిపోతే ఎలా రావాలి అని. వెళ్లిన దారినే వెనక్కొచ్చే రూట్లలో చిక్కు అదే, బాగోలేదని తెలిసేసరికి ఇంటికి బాగా దూరంగా ఉంటాం. అందుకని ఇంటి మీదుగా ఎనిమిది అంకెలా తిరిగే రూటు ఒకటి వేసుకున్నాను, ప్రతి 2 కిలోమీటర్లకీ మా గుమ్మం వస్తుంది. మొదట్లో గుమ్మం దాటిన ప్రతిసారీ అక్క కిటికీలోంచి చూసేది. ఇప్పుడు చూడటం లేదు, చూడనట్టు నటిస్తోందేమో తెలీదు.

జ్వరంలో పరిగెత్తే విషయంలో మా రన్నర్లలో ఒక మాట ఉంది, జబ్బు మెడ పైనుంటే పరవాలేదు, మెడ కిందకి దిగితే మానెయ్ అని. ముక్కు కారడం వేరు, ఒళ్లు నొప్పులతో జ్వరం వేరు. నాకు ఆ మాట బాగా తెలుసు, ఇంకొకళ్లకి చెప్పాను కూడా.

తొమ్మిదో నెలలో కాలువ గట్టెక్కాను. ఒంటరిగా కాదు, అక్క పక్కనే సైకిల్ మీద, చైను కిర్రుకిర్రుమంటూ. తాత కనపడలేదు, పశువులు మాత్రం ఉన్నాయి. తూము వచ్చింది. పల్స్ 139, ఊపిరి బాగానే ఉంది, ఎక్కం చదవమంటే చదివేవాణ్ణి, అయినా కాళ్లు వాటంతట అవే ఆగిపోయాయి, వెళ్లి ఆ గోడ మీద కూర్చున్నాను. అక్క సైకిల్ పడేసినంత పనిచేసి "ఏమైందిరా" అంది.

"ఏం లేదక్కా, లేసు ఊడింది" అన్నాను. ఊడలేదు. విప్పి మళ్లీ కట్టుకున్నాను.