పెనాంగ్‌లో చింతపండు పులుసు

చిత్తూరులో మాది సంగటి మెస్సు. పద్దెనిమిదేళ్లుగా వచ్చినోళ్లకు వడ్డించడమే గానీ, కొత్త ఊళ్లో కూర్చుని ఒకరు వడ్డిస్తే తిన్నది లేదు. పోయినేడు మామిడికాయల సీజను అయిపోయినాక చెన్నైలో విమానమెక్కి మలేసియాలోని పెనాంగ్‌కు పోయినాను, ఒక్కణ్నే. మా ఆవిడ పాస్‌పోర్టు సమయానికి రాలేదు. "నా కోసం ఆగితే నువ్వు ఇంకెప్పటికీ పోలేవు" అని తనే పంపింది. నేను పోయినప్పుడు 30 రోజుల లోపు ఉండేటట్టయితే మనకు వీసా అక్కర్లేదు. దిగబోయే ముందు మూడు రోజుల్లో ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపితే చాలు.

నా దిగులంతా తిండి గురించే. మొదటి రాత్రి పెనాంగ్ పట్నమైన జార్జ్‌టౌన్‌లో తిండి బండ్ల వరస ముందర అరగంట నిలబడినాను. ఎవరిని ఏమడగాలో తోచలేదు. రూముకు తిరిగొచ్చి, ఇంటి నుంచి తెచ్చుకున్న బొరుగుల్లో చెనిక్కాయల పొడి కలుపుకుని తిని పడుకున్నాను. ఇద్దరుంటే ఒకరు బల్ల పట్టుకుంటారు, ఇంకొకరు పోయి అడుగుతారు. ఒక్కడు లేస్తే బల్ల పోతుంది. తోడు లేకపోవడం ఏమిటో ఆ రాత్రి బాగా తెలిసింది.

తెల్లారి తమిళం వినబడిన చోటికి పోయినాను. మా చిత్తూరోళ్లకు తమిళం సగం ఇంటి భాషే కదా. అది నాసి కందర్ అంగడి. నాసి అంటే అన్నం, కందర్ అంటే కావడి మోయడం. వెనకటికి తమిళ ముస్లింలు అన్నమూ కూరలూ కావడికి తగిలించుకుని వీధుల్లో తిరిగి అమ్మేవాళ్లట. "ఏ ఊరు?" అన్నాడు వడ్డించే పెద్దాయన. చిత్తూరంటే తెలియలేదు. తిరుపతి పక్కన అనగానే మొహం వెలిగింది. "బంజిర్ కావాలా?" అన్నాడు. బంజిర్ అంటే వరద. నాలుగైదు కూరల పులుసులు అన్నం మీద ఒకటే పోత! నా మెస్సులో కోడి పులుసు చుక్క పప్పులో పడితే మాట పడాల్సిందే. అక్కడ కలవడంలోనే ఉంది రుచి. రెండో ముద్దకే ఒప్పుకున్నాను.

ఆయన దగ్గరే అక్కడి మలయ్ మాటలు నేర్చుకుని తెలుగులో రాసుకున్నాను. ఆయం కోడి, ఇకాన్ చేప, ఉడాంగ్ రొయ్య, కంబింగ్ మేక, బాబీ పంది. డాగింగ్ అంటే అక్కడ మామూలుగా గొడ్డుమాంసమే. తినని వాళ్లు ఈ ఒక్క మాటా తప్పక గుర్తుపెట్టుకోవాలి. శాకాహారులైతే బెలచాన్ గురించి కూడా అడగాలి. అది పులియబెట్టిన రొయ్యల ముద్ద, కూరాకు వేపుడులో కూడా వేస్తారు.

చైనావాళ్ల కాఫీ అంగళ్ల పద్ధతి వేరు. బల్లలు కాఫీ అంగడి ఆయనవి, వంట బండ్లు బాడుగకు పెట్టుకున్నవాళ్లవి. అందుకే కూర్చున్నాక ఏదో ఒకటి తాగడానికి చెప్పడం మర్యాద. కోపి అంటే డబ్బా పాల కాఫీ, కోపి-ఓ అంటే చక్కెర వేసిన నల్ల కాఫీ, చక్కెర కూడా వద్దంటే కోపి-ఓ కోసాంగ్. ముందు కాఫీ చెప్పి, కప్పు బల్ల మీదికి వచ్చినాక బండి దగ్గరికి పోయి, కావాల్సింది చూపించి, నా బల్ల చూపించినాను. తెచ్చి పెట్టినాకే డబ్బులు తీసుకున్నారు. బల్ల పోతుందన్న బెంగ ఆ కాఫీతో తీరింది. చార్ క్వే తియావ్ అనే బియ్యపు నూడుల్స్ వేపుడు లాంటివి చిన్న ప్లేటు కూడా ఇస్తారు కాబట్టి, ఒక్కణ్నే అయినా పూటకు రెండు రకాలు చూడగలిగినాను. మాడు వాసన అంటీ అంటనట్టు ఆ నూడుల్స్ తిప్పే చెయ్యిని చూస్తూ నిలబడిపోయినాను. ఆ మంట మీద అంత అదుపు నాకు రాదు.

మూడో రోజు ఆసం లక్సా. ఆసం అంటే పులుపు. చేపల్ని ఉడికించి చిదిపిన చింతపండు పులుసులో లావు బియ్యపు నూడుల్స్ వేసి, పైన పుదీనా, అనాస ముక్కలు, ఎర్రగడ్డ, బుంగా కంతాన్ అనే గులాబిరంగు పువ్వు తరుగు చల్లినారు. పక్కన చెంచాలో నల్లటి ముద్ద. దాన్నేం చేయాలో తెలియక చూస్తుంటే, అదే బల్ల దగ్గర ఎదురుగా కూర్చున్న చైనా అవ్వ తన చెంచాను గిన్నెలో ముంచి తిప్పి చూపించింది. హేకో అంటారు, రొయ్యలతో చేసిన తియ్యటి ముద్ద. కలిపి జుర్రితే, మా అమ్మ రాత్రి వండి తెల్లారి సంగటిలోకి పోసే చేపల పులుసే గొంతులోకి దిగినట్టుంది. కళ్లు తడిసినాయి. అవ్వ కారం ఎక్కువైందనుకుని తన నీళ్ల గ్లాసు నా వైపు జరిపింది. నేను తాగినాను.

ఊరికొచ్చిన వారానికి మెస్సులో చేపల పులుసు మీద అనాస ముక్కలు, పుదీనా వేసి మా ఆవిడకు పెట్టినాను. "బాగుంది, కానీ ఏదో తక్కువైంది" అంది. ఆ పువ్వు. చిత్తూరు మార్కెట్‌లో నాకు దొరకలేదు. తన పాస్‌పోర్టు మాత్రం వచ్చింది.