కళ్లజోడు లేని గంట

శ్రూస్‌బరీ, ఇంగ్లండ్, శనివారం

పదిన్నరకు రమ్మన్న కళ్లద్దాల దుకాణంవారు, కొత్త అద్దాలు ఇంకా చట్రంలో బిగించలేదనీ, మరొక గంట ఆగమనీ చెప్పి, కొలతల కోసమని నా పాత జోడును కూడా తమ దగ్గరే ఉంచుకున్నారు. నాది హ్రస్వదృష్టి. జోడు లేనప్పుడు వీధి అవతలి మనిషిని పోల్చుకోలేను గానీ, జానెడు దూరంలో ఉన్న దానిని ఎవరికన్నా స్పష్టంగా చూడగలను. కాఫీ తాగుతూ గంటను గడిపేయడానికి బదులు, నాలుగేళ్లుగా పక్కనుంచి నడిచిపోతున్న పాత కొట్లను ముక్కు ఆనించినంత దగ్గరగా చూద్దామని బుచర్ రో వైపు నడిచాను.

పేరును బట్టే తెలుస్తుంది, అది ఒకప్పటి కసాయి కొట్ల వీధి. ఆ వీధిలో ఉన్న ఆబట్స్ హౌస్ కొయ్యల్లో ఏడాదికొకటిగా ఏర్పడే వలయాలను లెక్కించి, ఆ కట్టడం 1450ల చివరి నాటిదని తేల్చారు. కింది అంతస్తు నిండా వరుసగా చిన్న చిన్న కొట్ల ముఖాలు ఉన్నాయి. వాటి కిటికీల అడుగు పట్టె చాలా వెడల్పుగా ఉంటుంది. ఈరోజు వంగి, దానిమీద అరచేయి పెట్టి చూశాను. ఓక్ కొయ్య బూడిదరంగుకు తిరిగి రాయిలాగా గట్టిపడింది. అంచు మాత్రం నునుపుదేలింది. ఆ కాలపు కొట్టుకు గాజు లేదు. రెండు చెక్క రెక్కలలో పైదాన్ని ఎత్తి నిలబెడితే అది ఎండకూ వానకూ చూరు, కిందిదాన్ని దించితే అదే సరుకు పరిచే బల్ల. బేరమంతా ఆ బల్లకు ఇటూ అటూ సాగిపోయేది. కొనేవాడు వీధిలోనే నిలబడేవాడు, అమ్మేవాడు లోపల ఉండేవాడు. మన ఊళ్లలో బడ్డీకొట్టు చూసినవారికి ఇందులో వింతేమీ కనిపించదు. చిన్నప్పుడు కర్ర ఊతంగా పైచెక్కను ఎత్తే కొట్టు ముందు మునివేళ్లమీద నిలబడి పప్పుండలు కొనుక్కున్న నాకు, ఈ పట్టె అసలు ఎందుకంత వెడల్పుగా ఉందో ఎవరూ చెప్పనవసరం లేకపోయింది.

రెండు దూలాలు కలిసే కూడలి దగ్గర మరికొంత సేపు ఆగాను. ఒక దూలం చివరను నాలుకలా చెక్కి, రెండవదానిలో తొలిచిన బెజ్జంలోకి దూర్చి, అడ్డంగా ఓక్ చీలను దిగగొట్టారు. పచ్చి ఓక్ వాడటం ఇక్కడి కిటుకు. పచ్చిగా ఉన్నప్పుడు ఉలికి సులువుగా లొంగుతుంది, ఆరేకొద్దీ వంకరలు పోతూ కూడళ్లను బిగదీస్తుంది. ఈ వీధుల్లో గడపలూ కిటికీలూ ఒక్కటీ తిన్నగా లేకపోవడానికి ముఖ్యకారణం పనివాడి అలసత్వం కాదు, ఆ ఆరుదలే. స్తంభాల నడుమ ఖాళీలను అప్పట్లో తడికలు అల్లి, గడ్డీ పేడా కలిపిన మట్టి మెత్తి మూసేవారు. ఈ పనిని వివరించడానికి ఇంగ్లీషు పుస్తకాలకు రెండు పేజీలు పడుతుంది. మా అమ్మమ్మకైతే "తడికె గోడ" అంటే చాలు.

అక్కడినుంచి స్క్వేర్‌కు వచ్చాను. 1596 నాటి పాత మార్కెట్ హాలు రాతి కట్టడం. కింద తోరణాల మధ్య ధాన్యం, పైన వేల్స్ కొండలనుంచి వచ్చిన ఉన్నిబట్ట అమ్ముడుపోయేవి. ఇప్పుడు అందులో సినిమా ఆడుతోంది. ఎదురుగా రాబర్ట్ క్లైవ్ విగ్రహం ఉంది. 1762లో ఈ ఊరికి మేయరు, 1765లో ఈస్టిండియా కంపెనీకి ఉత్తర సర్కారుల మీద మొగలు పాదుషా ఫర్మానా సంపాదించినవాడు. జోడు లేదు గనుక ఆయన ముఖం నాకు మసకగానే కనిపించింది, అందుకు పెద్దగా విచారించలేదు.

హై స్ట్రీట్‌లో కొట్ల ముఖాలన్నీ గాజువే. పద్దెనిమిదవ శతాబ్దంలో గాజును ఊది, గిరగిర తిప్పి, పళ్లెంలా పరిచి ముక్కలు కోసేవారు గనుక పెద్ద పలక దొరికేది కాదు. అందుకే ఆనాటి కొట్టు కిటికీలకు సన్నని చెక్క గళ్లు. 1845లో గాజుమీద సుంకం ఎత్తివేశాక పెద్ద పలకలు అందుబాటులోకి వచ్చాయి. అయితే గాజు ఒక్కటే చాలదు, కింద గోడను తీసేస్తే పై అంతస్తుల బరువును మోయడానికి పోత ఇనుప స్తంభాలు కావాలి. లోపలి చట్రమంతా ఇనుముతో ప్రపంచంలో మొట్టమొదట కట్టిన భవనం ఈ ఊరి శివారులోని 1797 నాటి అవిసెనార మిల్లే. ఇనుమూ గాజూ కలిశాక బల్ల లోపలికి వెళ్లింది, కొనేవాడు దానివెంట గడప దాటాడు. ఇది అభివృద్ధే కావచ్చు గానీ, వానకు తడవకుండా బయట నిలబడి బేరమాడే సౌకర్యం ఆబట్స్ హౌస్ కాలంతోనే పోయిందని నాకు అనిపిస్తుంది.

పదకొండు నలభైకి జోడు చేతికొచ్చింది. బయటికి వచ్చి తల ఎత్తగానే, రాబర్ట్ ఐర్లండ్ అనే ఉన్ని వర్తకుడు 1575 ప్రాంతంలో కట్టించిన భవనం త్రికోణపు కొనలతో సహా తేటగా కనిపించింది. దూలాలకు నలుపూ గోడలకు తెలుపూ పూసే ఈ సోకు చాలావరకు విక్టోరియా కాలపు వేడుక. మొదట కట్టినవారు చాలాచోట్ల ఓక్‌ను దాని రంగుకే వదిలేశారు. కొత్త అద్దాలు సరిగానే ఉన్నాయా అని అడగడానికి దుకాణంలోని అమ్మాయి నన్ను మళ్లీ లోపలికి పిలిచింది. దూరపు అక్షరాలు చదవమంటే, అక్షరాల బోర్డుకు పైన, తెల్ల దీపాల మధ్య, సున్నం పూసిన ఒక దూలమూ, అందులో చీల ఊడిపోయిన ఒక బెజ్జమూ కనిపించాయి.

"ఆ దూలం ఎప్పటిది?" అని అడిగాను.

"ఏ దూలమండీ?" అన్నట్టుగా ఆమె తల ఎత్తి చూసింది.