ఇది మొక్కు గుండు కాదండి

"ఏ కొండకెళ్ళొచ్చారండీ?" అని అడుగుతున్నారు అందరూ. రావులపాలెం బస్టాండులో పూలావిడ అడిగింది, బ్యాంకులో క్యాషియర్ గారు అడిగారు, మా వీధి చివర పాలు పోసే తాతగారు కూడా అడిగారు. మొదటి వారం రోజులూ "ఆయ్, తిరపతండి" అనేసి వచ్చేసేదాన్ని. ఆ మాట అనగానే వాళ్ళ మొహంలో ఒక గౌరవం కనపడేది, "మంచిదమ్మా, మొక్కు తీర్చుకున్నావు" అనేవారు. ఒకావిడ మాత్రం "మరి ప్రసాదం ఏదమ్మా?" అని చెయ్యి చాపింది. లడ్డూ లేదు కదా నా దగ్గర. అయిపోయిందండీ అని చెప్పి ఇంటికొచ్చి మంచమ్మీద కూర్చుండిపోయాను. దేవుడి పేరు చెప్పి ఇన్ని అబద్ధాలు ఆడేశానా అనిపించింది. అందుకే ఇక్కడ ఉన్నదున్నట్టు రాసేస్తున్నా.

నేను అంబాజీపేటలో ఒక కొబ్బరి కొట్లో లెక్కలు రాస్తాను. పోయినేడాది వానాకాలం మొదట్లో లెక్కల పుస్తకం పేజీ తిప్పితే వెంట్రుక, మళ్ళీ తిప్పితే ఇంకోటి. ఆడవాళ్ళం కదా, వెంట్రుకలు రాలడం కొత్తేం కాదు, పట్టించుకోలేదు. ఒక ఆదివారం మా అత్తయ్య తలకి నూనె పెడుతూ చెవి వెనకాల చెయ్యి ఆపేసింది. "ఇక్కడ నున్నగా ఉందేంటే అమ్మాయ్" అంది. రూపాయి బిళ్ళంత. మా ఆయన ఫోన్లో ఫోటో తీసి చూపించాడు, అరచెయ్యిలాగా ఉంది, అక్కడ ఒక్క వెంట్రుక ఎప్పుడైనా ఉండేదా అన్నట్టు. "పేనుకొరుకుడే ఇది" అని అత్తయ్య తేల్చేసింది. మనవైపు అదే పేరు, కానీ నా తలలో పేలూ లేవు, ఏదీ కొరకనూ లేదు.

ఇక మొదలయ్యాయి వైద్యాలు. ఉల్లిపాయ రసం, గుంటగలగరాకు కాచిన నూనె, మందారాకు, ఎవరో చెప్పారని గురివింద గింజ అరగదీసి రాసుకోవడం. ఆ గురివిందకి చర్మం కాలినట్టయి బొబ్బలొచ్చాయి. తర్వాత డాక్టరు గారు చెప్తే తెలిసింది, ఆ గింజ విషమట, పొరపాటున కడుపులోకి వెళ్తే ప్రాణం మీదకి వస్తుందట. ఇది చదివేవాళ్ళెవరైనా దయచేసి ఆ పని చెయ్యకండి, ముఖ్యంగా పిల్లల తలకి. అందరూ ఒకే మాట కూడా, "కోనసీమలో పుట్టి, కొబ్బరి కొట్లో పని చేస్తూ, నీకు జుట్టూడిపోవడమేంటే?" అని. నూనె రాయకపోవడం వల్లే వచ్చిందన్నట్టు. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది, ఎందుకంటే నేను నూనె రాయని రోజు లేదు.

మూడు నెలల్లో ఒకటి నాలుగయ్యాయి, నాలుగు కలిసి రెండు పెద్దవయ్యాయి. అప్పుడు కాకినాడలో చర్మం డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాం. ఆవిడ ఒక చిన్న భూతద్దం లాంటి దాంతో చూసి, ప్యాచ్ అంచున ఉన్న వెంట్రుకలు కుదురు దగ్గర సన్నగా చివర లావుగా ఉంటాయని, ఆశ్చర్యార్థకం గుర్తులాగా, అది చూస్తే గుర్తుపట్టొచ్చని చెప్పారు. అలోపీషియా ఏరియేటా అంట. మన ఒంట్లో రోగాలతో పోట్లాడాల్సిన రక్షణ వ్యవస్థే జుట్టు కుదుళ్ళని పరాయివాళ్ళనుకుని వాటి మీద పడుతుందట. నూనెకీ, షాంపూకీ, నీళ్ళకీ సంబంధం లేదు. అంటుకోదు కూడా. కుదుళ్ళు చచ్చిపోవు కాబట్టి మళ్ళీ వచ్చే అవకాశం ఉంది, కానీ ఎప్పుడు వస్తుందో, వచ్చింది ఉంటుందో లేదో ఎవరూ చెప్పలేరు అన్నారు. థైరాయిడ్ పరీక్ష రాశారు, దీనితో పాటు అది కూడా కొంతమందిలో ఉంటుందట. సన్న సూదితో ఒక్కో ప్యాచ్‌లో చాలా చోట్ల స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, ట్రయామ్సినలోన్, నెలకో నెలన్నరకో ఒకసారి. నొప్పి ఉంటుంది, కానీ పురుడు పోసుకున్నదానికి అదొక నొప్పి కాదు. ప్యాచ్‌లు మరీ తలంతా అయిపోతే ఇంజెక్షన్లు కుదరవని, అప్పుడు బిళ్ళలు ఆలోచిద్దామని చెప్పారు. 2022లో అమెరికాలో బారిసిటినిబ్ అనే బిళ్ళకి దీనికోసమే అనుమతిచ్చారట, దానికి ముందు టీబీ పరీక్షా అవీ చేయించుకోవాలట.

వచ్చేటప్పుడు యానాం దాటి ఎదుర్లంక వంతెన మీదకి బస్సెక్కగానే గౌతమి మీద గాలి ఒక్కసారిగా లోపలికి కొట్టింది. నేను కిటికీ పక్క సీట్లో ఉన్నాను. చున్నీ ఎగిరిపోయింది, నాలుగు క్లిప్పులు పెట్టి కప్పుకున్న జుట్టు లేచిపోయింది, వెనక సీట్లో ఉన్నావిడ "అయ్యో" అంది, అంతే, ఇంకేం అనలేదు. వంతెన పొడుగునా రెండు చేతులతో తల పట్టుకుని కూర్చున్నా. కింద గోదారి చూడలేదు.

ఆ రోజు నుంచి నా బతుకంతా జుట్టు సర్దుకోవడంలోనే పోయింది. పొద్దున్నే గంట. ఎడమవైపు పాయ తీసి కుడివైపుకి, కుడివైపుది వెనక్కి, కనపడే చోట నల్ల పౌడరు, పైన చున్నీ. బండి వెనక కూర్చోను. ఫ్యాను కింద కూర్చోను. కొట్లో ఓనరు గారు ఫ్యాను నా వైపు తిప్పితే మళ్ళీ అటు తిప్పేసేదాన్ని, ఆ ఉక్కలో. దానితో పాటు లెక్కపెట్టడం ఒకటి. మనిషి తల మీద దాదాపు లక్ష వెంట్రుకలుంటాయట, రోజుకి 50 నుంచి 100 రాలడం మామూలేనట. లెక్కలు రాసే అలవాటు కదా, ఒక చిన్న నోట్‌బుక్కు పెట్టి దిండు మీద ఎన్ని, దువ్వెనలో ఎన్ని, స్నానంలో ఎన్ని అని రాసేదాన్ని. ఒక రోజు 312 వచ్చాయి. ఆ పేజీ మీద నీళ్ళు పడి అంకెలు అలుక్కుపోయాయి, ఆ నీళ్ళు నావే.

ఇదివరకు రాలిన వెంట్రుకలు చుట్ట చుట్టి కవర్లో వేసి దాచేదాన్ని, మైకు పెట్టుకుని బండి మీద వచ్చే అబ్బాయికి ఇస్తే స్టీలు గిన్నె ఇచ్చేవాడు. ఈ ఏడాది అతను మా వీధిలోకొచ్చి "చిక్కు వెంట్రుకలకీ" అని అరుస్తుంటే తలుపేసుకున్నా. కవర్లు నిండిపోయి ఉన్నాయి లోపల.

గుండు ఆలోచన ఎవరూ ఇవ్వలేదు, నాకే వచ్చింది, బాత్‌రూమ్ జాలీలో జుట్టు లాగుతుంటే. కానీ వచ్చినంత తేలిగ్గా పోలేదు. నాలుగు నెలలు నలిగాను దీనితో. "గుండు చేయిస్తే ఒత్తుగా వస్తాదే" అనేవాళ్ళు ఒకవైపు. డాక్టరు గారిని అడిగాను. కత్తి పైన ఉన్న వెంట్రుకని కోస్తుంది, కుదురు చర్మం లోపల ఉంటుంది, దానికి పైన ఏం జరిగిందో తెలీదు అన్నారు. కోసిన చివర మొద్దుగా ఉంటుంది కాబట్టి చేతికి గరుగ్గా తగుల్తుంది, అందుకే ఒత్తుగా వచ్చింది అనుకుంటారట. అంటే గుండు మందు కాదు. చేయించినా తగ్గదు, చేయించకపోయినా పెరగదు. మరి ఎందుకు చేయించుకోవాలి అంటే సమాధానం నా దగ్గరే ఉండాలి, అదీ కష్టం.

అత్తయ్య మంచి మనసుతోనే ఒక దారి చెప్పింది. "వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు తిరిగావు కదే, అక్కడే తలనీలాలు ఇచ్చేయ్, మొక్కంటే ఎవరూ ఏమీ అడగరు" అని. నిజమే, మొక్కంటే ఎవరూ అడగరు. ఆడదాని గుండుకి మన దగ్గర చెల్లుబాటయ్యే కారణం అదొక్కటే. కానీ నాకు మనసొప్పలేదు. బాబుకి మూడో నెలలో నిమోనియా వచ్చి ఆసుపత్రిలో ఉన్నప్పుడు నేను నిజంగా మొక్కుకున్నాను, వాడు కోలుకున్నాక తిరుమల కళ్యాణకట్టలో మూడు కత్తెర్లు ఇచ్చాను. అప్పుడు నడుం దాటిన జడ నాది. ఉన్నదాంట్లోంచి ఇచ్చాను, ఇస్తుంటే సంతోషం వేసింది. ఇప్పుడు ఊడిపోగా మిగిలింది తీసుకెళ్ళి స్వామీ ఇది నీకు అని ఎలా చెప్తాను? ఆయనకి తెలీదా?

మా మామ్మ ఇంకోలా. ఆవిడకి 86 ఏళ్ళు. "ఆయన బతికుండగా ఆడదాని తల మీద కత్తి పెట్టకూడదే" అంది, అంటూనే ఏడ్చింది. చిన్నప్పుడు వాళ్ళ ఊరి అగ్రహారంలో ఒక ముసలావిడ ఉండేదట, పన్నెండేళ్ళకే మొగుడు పోతే అప్పట్నుంచీ తల గీయించేవారట, శుభకార్యానికి ఎవరూ ఎదురుపడనిచ్చేవారు కాదట. మామ్మకి గుండంటే అదే గుర్తుకొస్తుంది. వీరేశలింగం పంతులు గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించింది 1881 డిసెంబర్ 11న. ఆ తర్వాత అరవై ఏళ్ళకి పైగా అయ్యాక కూడా మా మామ్మ కళ్ళారా ఆ తల చూసింది. అందుకని ఆవిడ మీద నాకు కోపం రాలేదు. ఆవిడ భయపడేది నా జుట్టు గురించి కాదు, నన్ను కూడా ఎవరూ ఎదురు రానివ్వరేమో అని.

విగ్గు కూడా చూశాను, రాజమండ్రి వెళ్ళి, 18,000 చెప్పారు. పెట్టుకుని అద్దంలో చూసుకుంటే పాత నేనే, కళ్ళంట నీళ్ళొచ్చాయి. కానీ అది మే నెల. షాపు బయటికొచ్చి అరగంట నడిచేసరికి లోపలంతా చెమట, ఇంజెక్షన్ పొడిచిన చోట్ల మంట. మన డెల్టా ఉక్కలో రోజంతా అది పెట్టుకుని కొట్లో కూర్చోవడం నా వల్ల కాదనిపించి వెనక్కిచ్చేశాను. పెట్టుకునేవాళ్ళని తప్పు పట్టట్లేదండి, కుదిరితే హాయి.

ఆఖరికి తేలింది ఎలాగంటే, మా ఆయన్ని తల పైనుంచి ఒక ఫోటో తీయమన్నాను, సర్దుకోకుండా, ఉన్నది ఉన్నట్టు. చూశాను. మిగిలింది రెండు పిడికిళ్ళ జుట్టు. ఆ రెండు పిడికిళ్ళకి నేను పొద్దున్నించి రాత్రి దాకా కాపలా కాస్తున్నాను, గాలొస్తే భయం, వానొస్తే భయం, బాబు మెడ పట్టుకుని వేలాడితే "జుట్టు, జుట్టు" అని వాణ్ణి తోసేస్తున్నాను. వాణ్ణి తోసేస్తున్నానన్నది తట్టింది చూడండి, అక్కడ అయిపోయింది.

టౌన్లో ఒక పార్లరుకి వెళ్తే "మేం గుండ్లు చెయ్యమండి, పాపం" అన్నారు. మగవాళ్ళ సెలూన్‌లో కూర్చోవడానికి నాకు ధైర్యం చాలలేదు. సరే అని ఒక ఆదివారం పొద్దున్న పెరట్లో బోరింగు పక్కన కుర్చీ వేసుకున్నా. మా ఆయన ముందు కత్తెరతో పొట్టిగా కత్తిరించాడు, తర్వాత తన ట్రిమ్మర్. చెయ్యి వణుకుతోంది ఆయనకి. సగం అయ్యాక ఛార్జింగ్ అయిపోయింది. ట్రిమ్మర్ ప్లగ్గుకి పెట్టి ఇరవై నిమిషాలు అలాగే కూర్చున్నాం ఇద్దరం, ఒకవైపు ఉంది, ఒకవైపు లేదు. ఏమైనా మాట్లాడతాడేమో అనుకున్నా, మాట్లాడలేదు, నా ఒళ్ళో పడిన వెంట్రుకలు ఒక్కోటీ ఏరి పక్కన పెడుతున్నాడు. కొబ్బరాకుల మధ్యనుంచి ఎండ సరిగ్గా నా నడినెత్తి మీద పడింది. అక్కడ ఎండ తగలడం అదే మొదటిసారి, వెచ్చగా ఉంది. చెయ్యి పెట్టి చూసుకుంటే చిన్నప్పుడు కాలవ రేవులో మెట్ల మీద పడినప్పటి మచ్చ దొరికింది.

ఎవరూ చెప్పని సంగతులు కొన్ని చెప్తా. ఇది మొక్కు గుండులా ఉండదు. జుట్టున్న చోట నల్లగా గరుగ్గా, ప్యాచ్‌ల దగ్గర తెల్లగా మెరుస్తూ, రెండు రంగులుగా ఉంటుంది, దగ్గరగా చూసినవాళ్ళకి తెలిసిపోతుంది. నాకది తెలీక మొదటిరోజు మళ్ళీ ఏడ్చాను. నాలుగైదు రోజులకోసారి ట్రిమ్మర్ వేసుకోవాలి, బ్లేడు వద్దు, ఇంజెక్షన్ చోట్ల అస్సలొద్దు. ఎండకి నెత్తి కాలిపోతుంది, నూలు గుడ్డ కట్టుకోవాలి. రాత్రి ఫ్యాను గాలికి తల చలేస్తుంది. ఇంకోటి, గుండుకి ముందు డాక్టరుకి చూపించుకోండి, థైరాయిడ్ వల్లా రక్తం తక్కువై కూడా జుట్టు రాలుతుంది, తామర వల్లా ప్యాచ్‌లు పడతాయి, వాటికి మందులు వేరు. అర్ధరాత్రి ఏడుస్తూ మాత్రం నిర్ణయం తీసుకోకండి, పగలు తీసుకోండి. చేయించుకోకూడదనిపిస్తే చేయించుకోకండి, అదీ మంచిదే, నాలుగు నెలలు నేనూ అలాగే ఉన్నాను.

మామ్మ ఇంకా ఒప్పుకోలేదు. ఆవిడ దగ్గరికెళ్ళినప్పుడు కొంగు కప్పుకునే కూర్చుంటున్నాను, ఆవిడ కోసం. బయట కప్పుకోవట్లేదు. ఎవరైనా ఏ కొండ అని అడిగితే "మొక్కు కాదండి, జుట్టు ఊడిపోతోంది, తీయించేశాను" అంటున్నా. కొంతమంది తడబడతారు. ఒకావిడ అయితే పక్కకి తీసుకెళ్ళి కొంగు తీసి తన తల చూపించింది.

మొన్న పాలకొల్లులో మా పిన్ని కూతురి పెళ్ళి. సవరం పెట్టుకుని పైన ముసుగేసుకుని రమ్మని పిన్ని రెండుసార్లు ఫోన్ చేసింది. పట్టుచీర కట్టుకుని, పెద్ద బొట్టు పెట్టుకుని, గుండుతోనే వెళ్ళాను. పందిరి దగ్గర పన్నెండేళ్ళ పాప ఒకత్తి పళ్ళెం పట్టుకుని నిలబడింది. గంధం రాసింది, పన్నీరు జల్లింది, మూర మల్లెపూలు తీసి నా తల వైపు చెయ్యి ఎత్తి అక్కడే ఆగిపోయింది. పాపం, ఎక్కడ పెట్టాలో తెలీలేదు దానికి. నాకూ ఒక్క క్షణం తెలీలేదు. తర్వాత గాజులు పైకి జరిపి చెయ్యి చాపాను. "ఇక్కడ కట్టమ్మా" అన్నాను. రెండు చుట్లు చుట్టి, ముడి వేసి, వదులుగా ఉందేమోనని లాగి చూసి, అప్పుడు వదిలింది.