పండగ వీధిలోకి రావాలి

నెదర్లాండ్స్‌లో ఏప్రిల్ ఎండని నమ్ముకుని బట్టలు ఆరేయలేం. పొద్దున కాస్త వెచ్చగా ఉందనుకుంటే పదింటికి వడగళ్లు, పన్నెండింటికి మళ్లీ ఎండ. అయినా ఇక్కడివాళ్లు పిల్లల్ని ఇంట్లో ఉంచరు. వాన ప్యాంటు, వాన కోటు, రబ్బరు బూట్లు తొడిగి, ముందు పెద్ద చెక్కపెట్టె ఉండే సైకిల్లో కూర్చోబెట్టుకుని బయల్దేరతారు. పాప నడక నేర్చిన దగ్గర్నుంచీ మేమూ అంతే. ఆమ్‌స్టర్‌డామ్ పక్కనున్న ఆమ్‌స్టెల్‌వేన్‌లో మా వీధి వీధంతా అంతే.

పాపకి రెండున్నరేళ్లున్న 2025 వసంతం గురించి రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. హోలీ, ఉగాది, పూల ఊరేగింపు, ఈస్టర్, రాజు గారి పుట్టినరోజు, విమోచన దినం అన్నీ రెండు నెలల్లో వరసగా వచ్చాయి. ఫోన్లో మా అత్తయ్యగారు, పిన్నులు అడిగేది ఒకటే: "అక్కడి పండగలన్నీ చేయిస్తూ పోతే మన పండగలు దానికి వంటబడతాయా?" వాళ్ల బెంగ నాకు అర్థమవుతుంది. కానీ ఈ వయసు పిల్లలకి పండగ కథ చెబితే ఎక్కదు. గుంపు, రంగు, వాసన, చేతికి దొరికిన చిన్న పని, వీటివల్ల ఎక్కుతుంది. అందుకు పండగ గుమ్మం దాటి వీధిలోకి రావాలి. ఇక్కడి పండగలు ఎలాగూ వీధిలోనే ఉన్నాయి. మనవే నాలుగు గోడల మధ్య ఉండిపోతున్నాయి. నా బెంగ అది.

మార్చిలో హోలీకి హేగ్ వెళ్లాం. మా గోదావరి వైపు హోలీ అంత పెద్ద పండగేమీ కాదు. ఇక్కడ దాన్ని నిలబెట్టింది దక్షిణ అమెరికాలో ఒకప్పుడు డచ్చివాళ్ల వలసగా ఉన్న సూరినామ్ నుంచి వచ్చిన హిందుస్తానీ కుటుంబాలు. వాళ్లు ఫగ్వా అంటారు. వాళ్ల పూర్వీకుల్లో మొదటివాళ్లు 1873లో లల్లా రూఖ్ అనే ఓడలో కలకత్తా రేవు నుంచి బయల్దేరి సూరినామ్ చేరారు. 1916 దాకా అలా 34 వేల మందికి పైగా తోటల్లో ఒప్పంద కూలీలుగా వెళ్లారు. 1975లో సూరినామ్‌కి స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో ఎంతోమంది మళ్లీ మూటాముల్లె సర్దుకుని నెదర్లాండ్స్‌కి వచ్చారు. రెండుసార్లు సముద్రం దాటిన పండగ అది. ఒక పెద్దావిడ పాప ముందు వంగి, వేలితో బుగ్గ మీద గులాబీ రంగు రాసి, తన బుగ్గ చూపిస్తూ ఆగింది. పాప అరచెయ్యంతా రంగులో ముంచి ఆవిడ ముఖం నిండా పూసింది. తన మనవరాలు కూడా ఇలాగే మొదలుపెట్టిందని ఆవిడ చెప్పింది, కొంత డచ్చిలో, కొంత వాళ్ల ఇంటి భాష సర్నామీలో. నాకు వచ్చిన హిందీతో సగం అర్థమైంది. నూటయాభై ఏళ్లుగా ఈ పండగని వాళ్లు అల్మరాలో దాచుకోలేదు, వీధిలో చల్లుకుంటూ వచ్చారు. తిరిగొచ్చేటప్పుడు రైల్లో మా ఆయనా నేనూ దాని గురించే మాట్లాడుకున్నాం.

అందుకే ఆ ఏడు ఉగాదిని ఇంట్లో పెట్టి తలుపు వేసుకోకూడదనుకున్నాం. విశ్వావసు నామ సంవత్సర ఉగాది మార్చి 30, ఆదివారం. ఇక్కడ మన పండగ సెలవు రోజున పడటమే అదృష్టం. అదే రోజు తెల్లవారుజామున యూరప్ గడియారాలు గంట ముందుకి జరిగాయి, రెండు కావాల్సింది మూడైంది. పసిపిల్లలున్న ఇంట్లో ఈ గంట మార్పుతో కొన్నాళ్లు నిద్రలు చెడతాయి. కానీ ఒక మేలుంది, ఊరికీ మనకీ మధ్య నాలుగున్నర గంటలున్న తేడా మూడున్నరకి తగ్గుతుంది. ఆఫీసు నుంచి వచ్చి ఫోన్ చేసేసరికి అమ్మ ఇంకా మెలకువగా ఉంటుంది. ప్రవాసంలో వసంతం అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ గంటే.

పచ్చడికి మామిడికాయ, కొత్త బెల్లం ఇండియన్ షాపులో దొరికాయి. వేపపువ్వు అమ్మ ఎండబెట్టి పంపింది. పాప అరటిపండు ముక్కలు ఏరుకుని తింది, చేదు తగిలి ముఖం ముడుచుకుంది, మళ్లీ నోరు తెరిచింది. అంతకంటే ఏం కావాలి. పూజ అయ్యాక వీధిలోకి వచ్చాం. ఇక్కడి పిల్లలు ఎండ వస్తే చాలు, లావుపాటి రంగు సుద్దలు పట్టుకుని ఇంటి ముందు ఇటుకల కాలిబాట మీద బొమ్మలు గీస్తారు. ఆ సుద్దతోనే నేను చుక్కల ముగ్గు వేశాను. పక్కింటి పిల్లలిద్దరూ వచ్చి చూసి, చుక్క నుంచి చుక్కకి గీత ఎలా తిప్పాలో అడిగి, తలో మూల కూర్చున్నారు. పాప పని రంగు నింపడం, గీత లోపలా బయటా కూడా. ఆ పిల్లల అమ్మ కాఫీ కప్పుతో బయటికొచ్చి, పచ్చడి రుచి చూసి, వేపపువ్వు గురించి అడిగింది. సాయంత్రం చినుకు పడే దాకా ముగ్గు అలాగే ఉంది. వచ్చేపోయేవాళ్లు సైకిళ్లు పక్కకి తిప్పుకుని వెళ్లారు. వీధి ఉగాదిని అలా గుర్తుపట్టడం నా మట్టుకు నాకు చిన్న విషయం కాదు.

మధ్యాహ్నం స్టీలు డబ్బాల్లో పులిహోర, బొబ్బట్లు సర్దుకుని ఆమ్‌స్టర్‌డామ్ అడవికి వెళ్లాం, ఇంకో మూడు తెలుగు కుటుంబాలు కూడా వచ్చాయి. పేరుకి అడవే గానీ అది మనుషులు నాటినది. 1934లో పని మొదలైంది, ఉద్యోగాలు లేని వేలమందికి ఆ తవ్వకాలు, నాట్లే కూలి పెట్టాయి. అందులో ఒక మూల చెర్రీ తోట ఉంది. 2000లో ఇక్కడి జపాన్ మహిళల సంఘం 400 చెట్లు కానుకగా ఇచ్చింది. ప్రతి చెట్టుకీ ఒక ఆడపేరు, సగం జపాన్ పేర్లు, సగం డచ్చి పేర్లు. మేం వెళ్లిన రోజు చాలా కొమ్మలకి ఇంకా మొగ్గలే. అయినా చెట్ల కింద దుప్పట్లు పరిచి జపాన్ కుటుంబాలు అన్నం డబ్బాలు విప్పుకుని కూర్చున్నాయి. వాళ్ల పక్కనే మేం. పిల్లలు మాత్రం ఎవరి దుప్పటి ఎవరిదో చూసుకోలేదు. ఎవరి ముందు ఏది కనిపిస్తే అది తిన్నారు.

ఆ అడవిలోనే మేకల ఫారం ఒకటి ఉంది. చిన్న సీసాలో పాలు కొనుక్కుని మేకపిల్లలకి పట్టొచ్చు. పాపకి లోకంలో అంతకంటే గొప్ప చోటు లేదు. చిన్నపిల్లలతో కొత్తగా వచ్చినవాళ్లు ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పేది ఇలాంటి చోట్ల గురించే. ఊరూరా పిల్లల పశువుల పాకలు ఉన్నాయి, చాలాచోట్ల టికెట్ ఉండదు, వసంతంలో గొర్రెపిల్లలు పుడతాయి. కాళ్ల కింద గడ్డి, ముందు ఒక మేక, అంతే. రెండేళ్ల బిడ్డకి పెద్ద ప్రయాణాలు అక్కర్లేదు.

క్యూకెన్‌హాఫ్ పూలతోటకి కూడా వెళ్లాం. 1950 నుంచి తెరుస్తున్న తోట, 32 హెక్టార్లు, ఏటా శరదృతువులో చేత్తో నాటే 70 లక్షల పూల దుంపలు, తెరిచి ఉండేది వసంతంలో ఎనిమిది వారాలే. చూడాల్సిందే. కానీ పసివాళ్లతో వెళితే ఎనిమిదింటికి గేటు తెరవగానే వెళ్లండి. పదింటి తర్వాత జనం మధ్య స్ట్రోలర్ తోయడమే సరిపోతుంది. నా మనసు నిలిచింది మాత్రం ఆ ప్రాంతపు పూల ఊరేగింపు దగ్గర.

నేను కడియం దగ్గర పుట్టిన దాన్ని. కాలవగట్టు వెంట నర్సరీలు, కడియపులంక మార్కెట్‌లో తెల్లారకముందే దిగే బంతి, చామంతి, కనకాంబరం బుట్టలు నా బాల్యం. పూలంటే తూకం, దండ, బేరం, చేతికి అంటుకునే పసరు. ట్యులిప్ పొలాలు ఎంత అందంగా ఉన్నా దూరం నుంచే చూడాలి. దుంపలు దెబ్బతింటాయని, తెగుళ్లు ఒక మడి నుంచి ఇంకో మడికి పాకుతాయని రైతులు లోపలికి రానివ్వరు. నిజానికి వాళ్లు అమ్మేది పువ్వుని కాదు, దుంపని. అందుకే పూలు విచ్చాక తలలు కోసేస్తారు, బలమంతా దుంపకి పోవాలని. అలా కోసిన హయసింత్ పూలు, డాఫొడిల్స్, ట్యులిప్‌లతో ఈ ఊరేగింపు బళ్లని అలంకరిస్తారు. 1947 నుంచి జరుగుతోంది. నార్డ్‌వైక్ సముద్రపు ఒడ్డున పొద్దున బయల్దేరి హార్లెమ్ దాకా 42 కిలోమీటర్లు నడిచేసరికి రాత్రవుతుంది.

అంతకుముందు రోజుల్లో ఊళ్లోవాళ్లు షెడ్డులో చేరి ఒక్కొక్క హయసింత్ పువ్వునీ గుండుసూదితో బళ్లకి గుచ్చుతారు. అమ్మమ్మల వయసువాళ్లు, బడి పిల్లలు, అందరూ. ఒకరికొకరు బుట్టలు అందించుకుంటూ, కబుర్లు చెప్పుకుంటూ, తల ఎత్తకుండా. ఆ వాసనకి నాకు కళ్లు చెమర్చాయి. మల్లె కాదు, సంపెంగ కాదు, కానీ పని మాత్రం అదే పని. ఒకావిడ పాప చేతిలో నీలం పువ్వొకటి పెట్టింది. పాప దాన్ని నా జడలో పెట్టమని నాకిచ్చింది. ఎక్కడ నేర్చిందో నేను చెప్పక్కర్లేదు, అమ్మ వచ్చినప్పుడు చూసింది. ఊరేగింపు రోజు దారిలో వచ్చే లిస్సే ఊరి దగ్గర రోడ్డు పక్కన నిలబడ్డాం. బళ్లు, బ్యాండు మేళాలు వెళుతుంటే తండ్రి భుజాల మీద కూర్చుని చేతులూపింది. దారిలో అమ్మే హయసింత్ దండ ఒకటి కొని మా ఇంటి గుమ్మానికి కట్టాం, ఉగాది తోరణం పక్కనే.

ఈస్టర్ గుడ్ల వెతుకులాట డేకేర్‌లోనే అయిపోయింది. ఇక మిగిలింది రాజు గారి పుట్టినరోజు. ఈ వేడుక 1885లో అప్పటి యువరాణి విల్హెల్మినా పుట్టినరోజుగా మొదలైంది. తర్వాత జూలియానా రాణి అయ్యాక రోజు మారింది. 2014 నుంచి రాజు విల్లెమ్ అలెగ్జాండర్ పుట్టినరోజు ఏప్రిల్ 27న చేస్తున్నారు. 2025లో అది ఆదివారం కాబట్టి శనివారానికి జరిపారు. ఊరంతా నారింజ రంగు. పాప ఉగాదికి అమ్మ కుట్టించి పంపిన నారింజ పట్టు పరికిణీ వేసుకుంది, కింద రబ్బరు బూట్లు. దారిలో ఎంతమంది ఆగి చూశారో!

ఆ ఒక్కరోజు అనుమతి పత్రాలు ఏవీ లేకుండా ఎవరైనా రోడ్డు మీద దుప్పటి పరిచి పాత సామాను అమ్ముకోవచ్చు. ముందురోజే పిల్లలు సుద్దతో నేల మీద గీత గీసి తమ చోటు గుర్తు పెట్టుకుంటారు. ఎక్కువ దుప్పట్లు పిల్లలవే. ఒకడు వయొలిన్ వాయిస్తాడు, ఒకమ్మాయి నిమ్మరసం అమ్ముతుంది, ఇంకొకరు తమ చిన్నప్పటి బొమ్మలు. యాభై సెంట్లు, ఒక యూరో. మేం పాపకి పొట్టైన బట్టలు, ఆడుకోని చెక్క ముక్కలు పెట్టాం. కొనడానికి వచ్చిన చిన్న పిల్లాడికి పాప తన బొమ్మని రెండు చేతులా అందించింది. డబ్బు తీసుకుని మా ఆయనకి ఇచ్చింది. వస్తువు ఇంకొకరి దగ్గరికి వెళ్లి మళ్లీ ఉపయోగపడుతుందనే సంగతి ఆ వయసులో ఏ మాటలతో చెప్పగలం? మధ్యాహ్నం దాల్చినచెక్క వాసన వేసే కేకు ముక్కల్ని తాడుకి వేలాడదీశారు. చేతులు వెనక్కి కట్టుకుని నోటితో అందుకోవాలి, పెద్దవాళ్లు తాడు ఊపుతుంటారు. మా ఊళ్లో కృష్ణాష్టమికి ఉట్టిని పైకీ కిందికీ లాగే మావయ్యలు గుర్తొచ్చారు.

మే 4 సాయంత్రం వేరు. రెండో ప్రపంచ యుద్ధంలోనూ, ఆ తర్వాతి యుద్ధాల్లో, శాంతి పరిరక్షణ పనుల్లోనూ చనిపోయినవారి కోసం రాత్రి ఎనిమిదింటికి దేశమంతా రెండు నిమిషాలు ఆగుతుంది. ఆ వేళకి ఇంకా వెలుతురే ఉంటుంది. మామూలుగా పాప పడుకునే సమయం, అయినా ఎత్తుకుని స్మారకం దాకా వెళ్లాం. ఏమీ వివరించలేదు. అందరూ ఆగారని తనే చూసింది, నా మెడ చుట్టూ చేతులు వేసి ఊరుకుంది. మర్నాడు మే 5, దేశం నాజీల నుంచి బయటపడి 80 ఏళ్లయిన విమోచన దినం, పార్కులో పాటలు, గంతులు.

2026 ఉగాది గురువారం పడింది, మార్చి 19. మా ఆయన ముందుగానే సెలవు పెట్టేశారు. నేను పెద్ద పెట్టె రంగు సుద్దలు కొని ఉంచాను. డేకేర్‌లో పచ్చడి పెట్టొచ్చా అని అడిగితే, ముందు అందులో ఏముంటాయో రాసి ఇమ్మన్నారు, రాసిచ్చాను. పక్కింటి పిల్లలు ముగ్గు మళ్లీ ఎప్పుడని అడుగుతూనే ఉన్నారు. అమ్మా నాన్నా ఏప్రిల్‌కి వస్తామన్నారు, పూల ఊరేగింపు చూడటానికి. పూలు గుచ్చే షెడ్డు వీడియో అమ్మకి పంపాను. రెండుసార్లు చూసి ఫోన్ చేసింది. "ఒక్కో పువ్వుకీ ఒక్కో సూదేంటే, అంత సేపెందుకు? దారం తెచ్చుకుంటాను, నేను చూపిస్తాలే వాళ్లకి" అంది.